పెదపాడు నుండి ముఖ్యమంత్రి పీఠము వరకు: శ్రీ దామోదరం సంజీవయ్యగారి జీవితము

మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగ జరుపుకొనుచున్న ఈ సమయములో, సంఘమును కట్టిన గురువులను గూర్చి, పల్లెపల్లె తిరిగిన ఉపదేశకులను గూర్చి, బైబిలు స్త్రీలను గూర్చి ఈ సంచికలో అనేకులు వ్రాయుచున్నారు. అది ఎంతయు తగిన పని. అయితే ఈ వ్యాసములో నేను సంఘ నాయకుని జీవితము కాక ఒక రాజకీయ నాయకుని జీవితమును ఎన్నుకొన్నాను. ఆయన కర్నూలు జిల్లా పల్లెలో పుట్టి, శాసన సభ్యుడై, మంత్రియై, 1960లో ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రియైన శ్రీ దామోదరం సంజీవయ్యగారు. భారత దేశములో ఒక రాష్ట్రమునకు ముఖ్యమంత్రి పదవి పొందిన మొదటి దళితుడు ఆయనే.

ఈ ఎంపికకు కారణములు లేకపోలేదు. ఆయన బాల్యములో కొంత కాలము కర్నూలులోని అమెరికన్ బాప్టిస్టు మిషను పాఠశాలలో చదువుకొన్నారు. మిషను బడులు మన బిడ్డలకు మాత్రమే కాక దేశమునకు ఏమి ఇచ్చినవో చెప్పవలెనంటే ఆయన పేరు రాక తప్పదు. మరియు 1956 నవంబరు 1న రాజధాని కర్నూలు నుండి హైదరాబాదుకు మారినప్పుడు ఎందరో ఉద్యోగులు కుటుంబములతో తరలివచ్చి మలక్‌పేట వంటి పేటలలో కాపురము పెట్టారు. ఆ కుటుంబముల పెద్దలకు సంజీవయ్యగారు పత్రికలలో కనబడు నాయకుడే కాదు, తమ జిల్లా మనిషి కూడా. అన్నిటికంటె ముఖ్యమైన కారణము మరొకటి కలదు. ఆయన ఏ మెట్టు మీదుగా శాసన సభలో అడుగు పెట్టారో, ఆ మెట్టు మన సంఘములోని అనేకులకు మూయబడి యున్నది. ఆ సంగతి చివర విన్నవించుకొందును.

బాల్యము

సంజీవయ్యగారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు పట్టణమునకు చేరువలో నున్న పెదపాడు గ్రామములో, మాల కుటుంబములో జన్మించారు. తండ్రి మునయ్యగారు, తల్లి సుంకులమ్మగారు. బిడ్డ పుట్టిన కొద్ది దినములకే తండ్రి మరణించారు. సొంత పొలము లేని ఇల్లు. కూలి దొరికిన నాడు పొయ్యి వెలుగును, దొరకని నాడు లేదు. తల్లి బిడ్డలను తీసికొని పుట్టింటివారి ఊరైన పాలకుర్తి వెళ్లి, కొంత కాలమునకు మరల పెదపాడు చేరారు. అన్నగారు చిన్నయ్యగారు నేత పని, కూలి పని చేసి ఇల్లు గడుపుచు తమ్ముని బడికి పంపారు. ఇంటిలో ఒకడు చదువుకొనవలెనంటే మరొకడు చదువు మానుకొనవలసిన కాలమది. ఆ త్యాగము చేసిన అన్నగారి పేరు చరిత్ర గ్రంథములలో ఒక్క పంక్తికి మించి కనబడదు. అయినను ఆ ఒక్క పంక్తి లేనిచో ఈ కథయే లేదు.

చదువు

పెదపాడులో నాలుగవ తరగతి వరకు చదివిన తరువాత సంజీవయ్యగారు కర్నూలులోని మిషను పాఠశాలలో చేరారు. ఆ దినములలో పల్లె బడులలో దళిత బాలుర స్థితి ఏమిటో మన పెద్దలకు తెలియును. కొన్ని చోట్ల బడి అరుగు ఎక్కనిచ్చేవారు కారు, మరికొన్ని చోట్ల లోనికి రానిచ్చినను దూరముగా కూర్చుండబెట్టేవారు. మిషను బడిలో పలక పట్టుకొని వచ్చిన ప్రతి బాలునికి బల్ల మీద చోటుండేది. ఈ చిన్న సంగతి ఎందరి జీవితములను మార్చినదో లెక్కింప సాధ్యము కాదు.

1935లో ఆయన కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో చేరి, 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాలోనే ప్రథముడుగా ఉత్తీర్ణులయ్యారు. పై చదువునకు డబ్బు లేదు. మిత్రుల సహాయముతో అనంతపురము వెళ్లి దత్తమండల కళాశాలలో చేరారు. రాయలసీమ విద్యార్థులకు ఆనాడు అదే పెద్ద విద్యాలయము. గణితము ప్రధానముగా చదివి 1942లో బి.ఏ. పూర్తి చేశారు.

పట్టా చేతికి వచ్చిన నాటికి రెండవ ప్రపంచ యుద్ధము జరుగుచున్నది. ధాన్యము కరువైనది, రేషను వచ్చినది. సంజీవయ్యగారికి కర్నూలు రేషను కార్యాలయములో గుమాస్తా ఉద్యోగము దొరికినది. తరువాత కేంద్ర ప్రజా పనుల శాఖలో తనిఖీ అధికారిగా బళ్లారిలో పని చేశారు. జీతము వచ్చే సర్కారు ఉద్యోగము, పల్లెలోని తల్లికి నెల నెలా పంపుటకు కొంత సొమ్ము. ఆ కాలపు దళిత యువకునికి అంతకు మించిన భాగ్యము లేదని లోకము తలచును. కాని ఆయన అక్కడ ఆగలేదు. 1946లో మద్రాసు న్యాయ కళాశాలలో చేరారు. చదువుచు కూడ ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పొట్ట పోసికొన్నారు. 1948లో న్యాయ శాస్త్ర పట్టా పొంది, కొంత కాలము సీనియరు వకీళ్ల వద్ద పని నేర్చుకొని, 1950లో న్యాయవాదిగా నమోదయ్యారు.

శాసన సభలో ప్రవేశము

వకీలుగా స్థిరపడక ముందే రాజకీయము ఆయనను పిలిచినది. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోనికి వచ్చినది. ఎన్నికలు జరుగు వరకు దేశమునకు తాత్కాలిక పార్లమెంటు ఏర్పడినది. ఆ పార్లమెంటులో సంజీవయ్యగారికి సభ్యత్వము లభించినది. అప్పటికి ఆయన వయస్సు ముప్పది దాటలేదు.

1952లో తొలి సాధారణ ఎన్నికలలో కర్నూలు జిల్లా నుండి మద్రాసు శాసన సభకు ఎన్నికయ్యారు. ఆనాటి ఎన్నికల పద్ధతి నేటి యువకులకు తెలియకపోవచ్చును గనుక కొంచెము వివరింతును. షెడ్యూల్డు కులములకు సీట్లు కేటాయించవలసిన చోట్ల పెక్కింటిని ద్విసభ్య నియోజక వర్గములుగా ఏర్పరచేవారు. ఒకే నియోజక వర్గము నుండి ఇద్దరు ఎన్నికగుదురు. ఒకటి సాధారణ స్థానము, రెండవది కేటాయింపబడిన స్థానము. ప్రతి ఓటరుకు రెండు ఓట్లు. పేరునకు ఇద్దరు సభ్యులు సమానమే. అయినను ఊరి పెద్ద రైతు తన సాధారణ స్థానపు సభ్యుని ఇంటికి పోవునే గాని రెండవవాని ఇంటికి పోడు. ఎన్నికల ఖర్చు, బండ్లు, మనుషులు అన్నియు మొదటివాని చేతిలో నుండుట చేత రెండవ సభ్యుడు అతని నీడలో మెలగవలసి వచ్చేది. ఈ పద్ధతిని 1961లో పార్లమెంటు చట్టము చేసి తొలగించినది. అందుచేత కేటాయింపు స్థానము నుండి వచ్చి తన మాట తాను చెప్పగలిగిన సభ్యులు ఆ దినములలో అరుదు.

సంజీవయ్యగారికి ఉన్నవి రెండే ఆస్తులు. ఒకటి న్యాయ శాస్త్రము, రెండవది మృదువైన మాట. సభలో చట్టపు ముసాయిదా వచ్చినప్పుడు దానిని అక్షరము అక్షరము చదివి మాట్లాడగలవారు ఎప్పుడును తక్కువే. రాజాజీగారు మద్రాసు ముఖ్యమంత్రియైనప్పుడు ఈ యువ వకీలును మంత్రివర్గములోనికి తీసికొన్నారు. ఆ విధముగా శాసన సభలో అడుగు పెట్టిన సంవత్సరమే మంత్రియయ్యారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము అవతరించి కర్నూలు రాజధానియైనది. కచేరీలకు భవనములు చాలక గుడారములు వేసిన కాలమది. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గములోను సంజీవయ్యగారు ఉన్నారు. మద్య నిషేధపు విషయములో 1954 నవంబరులో ఆ ప్రభుత్వము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు వచ్చినవి. కమ్యూనిస్టులు గెలుతురేమోయని దేశమంతయు ఎదురు చూచిన ఎన్నికలవి. కాంగ్రెసు కూటమికి 196 స్థానములలో 146 లభించినవి. సంజీవయ్యగారు ఎమ్మిగనూరు నుండి గెలిచి, బెజవాడ గోపాలరెడ్డిగారి మంత్రివర్గములో చేరారు. 1956లో ఆంధ్ర ప్రదేశ్ ఏర్పడిన పిమ్మట నీలం సంజీవరెడ్డిగారి మంత్రివర్గములో కార్మిక, స్థానిక పరిపాలన శాఖలను నిర్వహించారు. 1954లో కృష్ణవేణిగారితో వివాహమైనది. ఆమె ఉపాధ్యాయిని.

ఈ ఎనిమిది సంవత్సరములలో నలుగురు ముఖ్యమంత్రులు మారారు. నలుగురి వద్దను ఆయన మంత్రిగా నున్నారు. దీనిని కొందరు అదృష్టమన్నారు. మరి కొందరు, హరిజనునికి ఒక స్థానము ఇయ్యవలెను గనుక ఇచ్చుచున్నారని తేలికగా మాట్లాడారు. అట్టి మాటలకు ఆయన సమాధానము పనిలోనే చూపారు.

ముఖ్యమంత్రి పదవి

1960 జనవరిలో సంజీవరెడ్డిగారు అఖిల భారత కాంగ్రెసు అధ్యక్షులై ఢిల్లీ వెళ్లవలసి వచ్చినది. రాష్ట్ర కాంగ్రెసులో వర్గములు బలముగా నుండెను. ఒక వర్గపు నాయకుని రెండవ వర్గము ఒప్పుకొనదు. భూమియు, బంధుబలమును గల పెద్ద కులముల నాయకుల నడుమ, ఏ వర్గమునకు భయము కలిగింపని మనిషి కావలసి వచ్చినది. అప్పుడు సంజీవయ్యగారి పేరు ముందుకు వచ్చినది. 1960 జనవరి 11న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణము చేశారు. అప్పటికి ఇంకను ముప్పది తొమ్మిది ఏండ్లు నిండలేదు.

ఇక్కడ ఒక సత్యమును దాచకుండ చెప్పుకొనవలెను. ఆయనను ఎన్నుకొన్న వారిలో అందరును దళితుడు పరిపాలించవలెనని కోరి ఎన్నుకొనలేదు. సొంత వర్గము లేనివాడు గనుక తమ మాట వినునని తలచినవారు కలరు. కొద్ది కాలము కూర్చుండబెట్టి తరువాత మార్చవచ్చునని లెక్క వేసినవారు కలరు. ఎవరి లెక్క ఏదైనను, పీఠము మీద కూర్చున్న తరువాత ఆయన ఏమి చేశారన్నదే మనకు కావలసినది. ఆయనకు దొరికిన కాలము ఇరువది ఆరు నెలలు మాత్రమే.

ఇరువది ఆరు నెలల పని

మొదటిది వృద్ధాప్యపు పింఛను. ఉద్యోగము చేసినవానికి పింఛను ఉండుట లోకమునకు తెలియును. జీవితమంతయు పరుల పొలములో వంగి నాట్లు వేసి, కలుపు తీసి, వయసు ఉడిగిన కూలి మనిషికి పింఛను ఏమిటని ఆశ్చర్యపోయిన కాలమది. ఉత్తర ప్రదేశములో 1957లో ఇటువంటి పథకము మొదలైనది. మన రాష్ట్రములో 1960లో సంజీవయ్యగారి ప్రభుత్వము దీనిని ప్రారంభించినది. దీనిని గూర్చి జనులు చెప్పుకొను ఒక కథ కలదు. ముఖ్యమంత్రియైన కుమారుడు పల్లెకు వచ్చి తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టగా, నాకు నీవు ఉన్నావు గాని ఈ ఊరిలోని దిక్కులేని ముసలివారికి ఎవరున్నారని ఆ తల్లి అడిగినదట. ఆ ప్రశ్న నుండియే పింఛను పుట్టినదని రాయలసీమ పల్లెలలో చెప్పుకొందురు. ఇచ్చిన మొత్తము చిన్నది, అందినవారు కొద్దిమందియే. కాని నిరుపేద వృద్ధుని పోషణ భిక్ష కాదు, ప్రభుత్వపు బాధ్యత అను మాట అప్పుడు మన పరిపాలనలోనికి వచ్చినది. తరువాత వచ్చిన ప్రతి ప్రభుత్వము ఆ పునాది మీదనే కట్టినది.

రెండవది లంచగొండితనము మీద పోరాటము. 1961 జనవరి 2న అవినీతి నిరోధక శాఖ ప్రత్యేక విభాగముగా ఏర్పడినది. నేడు పత్రికలలో ఏ.సీ.బీ. అను మూడు అక్షరములు చూడని దినము లేదు. ఆ శాఖ పుట్టుక సంజీవయ్యగారి కాలములోనని ఎందరికి తెలియును? తన చేతులు శుభ్రముగా లేనివాడు అటువంటి శాఖను పెట్టుటకు వెనుకాడును. ఆయన వెనుకాడలేదు.

మూడవది భూమి సంగతి. ప్రభుత్వపు బంజరు భూములను భూమి లేని పేదలకు పంచుట ఆయన కాలములో ముమ్మరముగా సాగినది. పంచిన విస్తీర్ణము సుమారు 6 లక్షల ఎకరములని ఆయన జీవితమును వ్రాసినవారు పేర్కొందురు. 1961లో వ్యవసాయ భూముల గరిష్ఠ పరిమితి చట్టము కూడ వచ్చినది. అయితే ఈ చట్టము ఆశించిన ఫలము ఇయ్యలేదు. నేల స్వభావమును బట్టి 27 ఎకరముల నుండి 324 ఎకరముల వరకు ఉంచుకొనవచ్చునని చట్టములో నుండెను. భూములను బంధువుల పేర వ్రాసికొనుటకు కావలసినంత వ్యవధియు చిక్కినది. పెద్ద రైతులే నిండిన సభలో అంతకు మించిన చట్టము గట్టెక్కుట కష్టము. మరి గట్టి చట్టము కొరకు 1973 వరకు ఆగవలసి వచ్చినది. ఒక మంచి మనిషి పీఠము మీద కూర్చున్నంత మాత్రమున సభలోని భూస్వామ్యము కరిగిపోదని దీని వలన తెలియుచున్నది.

నాలుగవది విద్య. 1961లోనే రాష్ట్ర ప్రాథమిక విద్యా చట్టము వచ్చినది. పిల్లలను బడికి పంపుట తల్లిదండ్రుల ఇష్టము మాత్రమే కాదని, అది పౌర ధర్మమని ఆ చట్టపు భావము. అన్న కూలి చేయగా తాను బడికి వెళ్లిన మనిషికి దీని విలువ వేరొకరు చెప్పనక్కరలేదు.

ఐదవది మన నగరమునకు సంబంధించినది. హైదరాబాదునకు, సికింద్రాబాదునకు వేరు వేరు పురపాలక సంస్థలుండెను. మలక్‌పేటలో నివసించి సికింద్రాబాదులో పని చేయువాడు ఒక పురము నుండి మరొక పురమునకు పోయినట్లే. 1960 ఆగస్టు 3న ఈ రెండింటిని కలిపి ఒకే నగర పాలక సంస్థగా చేశారు. జంట నగరములకు ఒకే పాలన ఏర్పడుట అప్పుడే.

వీటికి తోడు కర్నూలు జిల్లాలోని గాజులదిన్నె జలాశయమును చెప్పవలెను. కరువు సీమలో నీటి చుక్క విలువ తెలిసిన మనిషి స్మృతిగా దానికి సంజీవయ్య సాగరమను పేరు వచ్చినది.

పదవి పోయిన తీరు

1962 ఫిబ్రవరిలో సాధారణ ఎన్నికలు వచ్చినవి. కాంగ్రెసునకు 300 స్థానములలో 177 లభించినవి. సంజీవయ్యగారు కోడుమూరు నుండి గెలిచారు. తాను ముఖ్యమంత్రిగా నుండగా పార్టీ గెలిచినది గనుక మరల ఆయనయే ఆ పదవిలో నుండుట న్యాయమని సామాన్యులు తలచుట సహజము. కాని కాంగ్రెసు అధ్యక్ష పదవి వదలి సంజీవరెడ్డిగారు రాష్ట్రమునకు తిరిగి వచ్చారు. 1962 మార్చి 12న సంజీవయ్యగారు పీఠము దిగారు. ఆయన వర్గము కట్టలేదు, శాసన సభ్యులను కూడగట్టి రాజధానిలో రాయబారములు నడుపలేదు, ప్రజలను రెచ్చగొట్టలేదు.

దీనిని మెచ్చుకొనువారు కలరు, తప్పు పట్టినవారు కలరు. అణగారిన ప్రజల నాయకుడు తన హక్కు కొరకు గట్టిగా నిలువవలసినదని కొందరి అభిప్రాయము. నిలబడుటకు ఆయన వెనుక భూమి లేదు, ధనము లేదు, సభలో పెద్ద సంఖ్య లేదు. ఉన్నది పేరు ఒక్కటే. దానిని పోగొట్టుకొనకుండ దిగిపోవుటయే ఆయన ఎన్నుకొన్న మార్గము.

ఢిల్లీలో

కొద్ది నెలలకే, అనగా 1962 జూనులో, సంజీవరెడ్డిగారు వదలిన ఆ అఖిల భారత కాంగ్రెసు అధ్యక్ష పదవిలోనికి సంజీవయ్యగారు వచ్చారు. ఆ పదవిని పొందిన మొదటి దళితుడును ఆయనే. ఆ సంవత్సరమే చైనా దండయాత్ర వచ్చి దేశము తల్లడిల్లినది. 1964లో కామరాజ్‌గారు ఆయన స్థానములోనికి వచ్చారు. అదే సంవత్సరము ఆయన రాజ్యసభ సభ్యులయ్యారు. నెహ్రూగారు మరణించిన పిమ్మట లాల్ బహదూర్ శాస్త్రిగారి మంత్రివర్గములో కార్మిక, ఉపాధి శాఖల మంత్రియయ్యారు.

కార్మిక మంత్రిగా ఆయన కాలములో వచ్చిన ముఖ్యమైన చట్టము 1965 నాటి బోనసు చట్టము. అంతకు ముందు బోనసు యజమాని దయ మీదనో, సమ్మె బలము మీదనో, న్యాయస్థానపు తీర్పు మీదనో ఆధారపడి యుండెను. ఇరువది మంది లేక అంతకు మించి పని చేయు సంస్థలలో జీతము మీద కనీసము 4 శాతము బోనసు ఇయ్యవలెనని, 20 శాతము మించరాదని ఆ చట్టము నిర్ణయించినది. నష్టము వచ్చినను కనీసపు బోనసు ఇయ్యక తప్పదు. దేశమందలి లక్షలాది కార్మిక కుటుంబములలో పండుగ నాడు కొత్త బట్టలు కొన్న డబ్బు వెనుక ఈ చట్టము ఉన్నది.

1966లో ఇందిరాగాంధీగారి మంత్రివర్గములో పరిశ్రమల శాఖ వహించారు. 1967 నుండి కొంత కాలము మంత్రి పదవి లేకుండ నుండి, 1970లో మరల కార్మిక మంత్రియయ్యారు. కార్మిక సమస్యలను, పారిశ్రామికాభివృద్ధిని గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము వ్రాసి ఆ యేడే ప్రచురించారు. 1971లో రెండవ మారు కాంగ్రెసు అధ్యక్షులయ్యారు. ఆ పదవిలో నుండగానే 1972 మే 7న ఢిల్లీలో గుండె జబ్బుతో మరణించారు. అప్పటికి ఆయన వయస్సు 51 సంవత్సరములు. ఆయన దేహమును హైదరాబాదునకు తెచ్చి, హుస్సేన్ సాగరమునకు సమీపమున సికింద్రాబాదు పాటిగడ్డలో అంత్యక్రియలు జరిపారు.

రెండు మారులు కేంద్ర మంత్రి, రెండు మారులు పార్టీ అధ్యక్షుడు, ఒక మారు ముఖ్యమంత్రియైన మనిషి మేడలు కట్టలేదు, తోటలు కొనలేదు. ఆయన ఆస్తి మీద ఫిర్యాదు రాగా విచారణకు పెదపాడు వెళ్లినవారికి, పూరింటి ముందు కట్టెల పొయ్యి మీద వంట చేసికొనుచున్న ముసలి తల్లి కనబడినదని జనులు నేటికిని చెప్పుకొనుచుందురు. నాయకుని గూర్చి జనులు ఎటువంటి కథలు చెప్పుకొందురో చూచిన యెడల, ఆ నాయకుడు వారి మనస్సులో ఎటువంటివాడో తెలియును.

మనకు సంబంధించిన ప్రశ్న

ఇప్పుడు మొదట విన్నవించిన సంగతికి వత్తును. సంజీవయ్యగారు 1952లోను, 1955లోను, 1962లోను కర్నూలు జిల్లా ఓటర్ల తీర్పుతో శాసన సభకు వచ్చారు. భూమియు ధనమును లేని దళితునికి ఆ తలుపు తెరచినది షెడ్యూల్డు కులములకు కేటాయింపబడిన స్థానమే. రాష్ట్రపతి 1950లో జారీ చేసిన ఉత్తర్వు ప్రకారము, హిందూ మతము కాక వేరొక మతము అవలంబించినవాడు షెడ్యూల్డు కులస్థుడుగా లెక్కింపబడడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఈ ఉత్తర్వులో చోటు కలిగినది. క్రైస్తవులకు కలుగలేదు.

దీని అర్థమేమి? ఒకే పల్లెలో, ఒకే వాడలో, ఒకే బావి వద్ద దూరముగా నిలువబెట్టబడిన ఇద్దరు బాలురను తలచుకొనుడి. ఇద్దరును ఒకే మిషను బడిలో చదివారు. ఒకడు బాప్తిస్మము పొందినాడు, రెండవవాడు పొందలేదు. పెరిగి పెద్దవారైన తరువాత రెండవవాడు కేటాయింపు స్థానమునకు నిలువవచ్చును, మొదటివాడు నిలువరాదు. ఊరివారు మాత్రము ఇద్దరిని ఒకే కంటితో చూతురు. బ్రిటిషు కాలములో, 1937 నాటి మద్రాసు శాసన సభలో 215 స్థానములలో 30 షెడ్యూల్డు కులములకును, 8 భారతీయ క్రైస్తవులకును ఉండెను. స్వాతంత్ర్యము తరువాత మత ప్రాతిపదిక గల స్థానములు తీసివేయబడినవి. దేశ ఐక్యత కొరకు అది మంచిదేయని క్రైస్తవ నాయకులలో పలువురు దానికి సమ్మతించారు. కాని దళిత క్రైస్తవునికి ఆ తలుపును మూయబడినది, ఈ తలుపును మూయబడినది.

1970లో మన రాష్ట్ర ప్రభుత్వము షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల సి విభాగములో చేర్చి చదువులలో, ఉద్యోగములలో 1 శాతము ఇచ్చినది. అది శాసన సభ స్థానములకు వర్తింపదు. 2023 మార్చిలో ఆంధ్ర ప్రదేశ్ శాసన సభ, ఈ ఉత్తర్వును మార్చవలెనని తీర్మానించి కేంద్రమును కోరినది. అంతకు ముందు 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్‌గారి అధ్యక్షతన ఒక కమిషనును నియమించినది. దీని మీద మన దళిత సోదరులలోనే భిన్నాభిప్రాయములు కలవు. ఉన్న కొద్ది వాటాలో మరొకరు చేరుదురని భయపడువారి మాట కూడ మనము ఓపికగా వినవలెను.

నేను ఈ సంగతిని ఎవరిని నిందించుటకు వ్రాయలేదు. ఒక్క కుర్చీ, ఒక్క చట్టము, ఒక్క బడి మనిషి జీవితమును ఎంత దూరము తీసికొని పోగలవో చూపుటకు వ్రాసినాను. ఆ కుర్చీ లేనిచో కర్నూలు జిల్లా గుమాస్తా ఒకడు సర్కారు జీతముతో జీవించి, పింఛను పుచ్చుకొని, ఎవరికిని తెలియకుండ వెళ్లిపోయెడివాడు. అటువంటివారు మన సంఘములలో ఎందరు పుట్టి, ఎందరు వెళ్లిపోయినారో!

ఆయన స్మృతి

2008లో తపాలా శాఖ సంజీవయ్యగారి బొమ్మతో బిళ్ల వెలువరించినది. విశాఖపట్టణము చేరువలోని సబ్బవరమందున్న జాతీయ న్యాయ విశ్వవిద్యాలయమునకు ఆయన పేరు పెట్టారు. మద్రాసులో లెక్కలు చెప్పుకొనుచు న్యాయ శాస్త్రము చదివిన మనిషికి అది తగిన స్మారకము. మన నగరములో హుస్సేన్ సాగరపు ఒడ్డున సంజీవయ్య పార్కు కలదు. 2016 జూన్ 2న అక్కడ ఎత్తైన స్తంభము మీద గొప్ప జాతీయ పతాకమును ఎగురవేశారు. సెలవు దినములలో పిల్లలను తీసికొని అక్కడికి పోవువారు మన మలక్‌పేటలోను అనేకులు కలరు. జెండాను చూపించు తల్లిదండ్రులు, ఆ పార్కు పేరులోని మనిషి ఎవరో కూడ పిల్లలకు చెప్పిన యెడల మంచిది.

మన అధ్యక్ష ఖండము రెండవ శతాబ్దములో అడుగు పెట్టుచున్నది. మన బడులు కొన్ని చోట్ల బలహీనమైనవి, కొన్ని చోట్ల ధనికుల బిడ్డలతో నిండినవి. పల్లె నుండి పలక పట్టుకొని వచ్చు నిరుపేద బాలునికి, వాని కులము, మతము అడుగకుండ, మన బల్ల మీద నేడును చోటు ఉన్నదా అని ప్రతి గురుమండలము, ప్రతి పాఠశాల కమిటీ తన్ను తాను ప్రశ్నించుకొనవలసిన సమయమిది. చోటు ఇచ్చుట మన చేతిలో నున్నది. ఆ బాలుడు ఎంత వాడగునో ముందుగా ఎవరును చెప్పలేరు.